సైబర్ చదువులో మనసుకూ చోటుండాలి

రైలింజన్‌లో లోకో పైలట్, సహాయ లోకో పైలట్ ఎదురయ్యే ప్రతి సిగ్నల్‌నూ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. కన్ను చూసినా మనసు ఏమరవచ్చని రైల్వేకు తెలుసు. అందుకే సహాయ లోకో పైలట్ల ఎంపికలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, గ్రహణ వేగాలను కొలిచే ఆప్టిట్యూడ్ పరీక్ష కూడా ఉంటుంది. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో, అక్కడ తరతరాలుగా స్థిరపడిన తెలుగు రైల్వే కుటుంబాల్లో, ఇది కొత్త సంగతి కాదు.

సైబర్ భద్రత చదివే విద్యార్థికి మాత్రం ప్రధానంగా నెట్‌వర్క్‌లు, ఎన్‌క్రిప్షన్, ఫైర్‌వాల్‌ల గురించే చెబుతున్నారు. నేటి మోసగాడు తాళం పగలగొట్టడం లేదు, ఇంటివారి చేతే తలుపు తీయిస్తున్నాడు. ‘డిజిటల్ అరెస్ట్’ మోసమే చూడండి. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం కనిపిస్తుంది. ఎవరికీ చెప్పవద్దని బెదిరింపు వస్తుంది. బాధితుడు తన పాస్‌వర్డ్‌తో, తన ఓటీపీతో, తానే డబ్బు పంపిస్తాడు. జీవితాంతం దాచుకున్న పదవీ విరమణ సొమ్ము పోతుంది. బ్యాంకు కంప్యూటర్‌లో మాత్రం ఏ లోపమూ ఉండదు.

‘చదువుకున్నవారు ఎలా నమ్మారు?’ అని అడగడం తేలిక. అమెరికా మనస్తత్వవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్ 1963లో ప్రచురించిన ప్రయోగంలో 40 మందిలో 26 మంది, అధికారిలా కనిపించిన వ్యక్తి చెప్పినందుకు, ఎదుటి మనిషికి 450 వోల్టుల షాక్ ఇస్తున్నామని నమ్ముతూనే మీట నొక్కారు. నిజానికి షాక్ ఎవరికీ తగలలేదు. అధికారం ముందు మామూలు మనిషి ఎంతగా లొంగుతాడో మాత్రం తేలింది. దానికి భయం, తొందర, ఒంటరితనం తోడైతే ఆలోచనకు వ్యవధి ఎక్కడిది?

ఇప్పటికే సిలబస్ బరువెక్కిందని, మనస్తత్వ శాస్త్రం తమ పని కాదని కొందరు సాంకేతిక అధ్యాపకులు అనవచ్చు. కానీ పదేపదే కనిపించే హెచ్చరికను జనం ఎందుకు చదవరో తెలియని ఇంజనీరు మరో హెచ్చరికనే తయారుచేస్తాడు. తెలిసినవాడు, కొత్త ఖాతాకు పెద్ద మొత్తం వెళ్లేటప్పుడు కొంత వ్యవధి పెట్టి, ఇంట్లో మరొకరికి కబురు అందేలా చూస్తాడు. ఇంజన్‌లోని రెండో గొంతు చేసే పని అదే.

2024 అక్టోబర్ 27 నాటి ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఈ మోసం గురించి చెబుతూ ఆగండి, ఆలోచించండి, ఆ తర్వాతే చర్య తీసుకోండి అన్నారు. ఫిర్యాదుకు 1930 నంబరూ ఉంది. అయితే భయంతో వణికే మనిషి తనంతట తాను ఆగలేడు. అతడిని ఆపగలిగే వ్యవస్థను కట్టాలంటే, కట్టేవారికి మనసు గురించి తెలియాలి. ఆ పాఠం తరగతి గదిలోనే మొదలుకావాలి.