100 కాపీలు చాలు, కుట్టు గట్టిగా ఉండాలి

మన హాస్టళ్లలో చదివి వెళ్లిన వాళ్లలో రాసేవాళ్లకు కొదవ లేదు. కవితలు, కథలు, అమ్మానాన్నల కూలి బతుకులు నోటుబుక్కుల నిండా ఉన్నాయి. వేసే ప్రచురణకర్త దొరకక అవి ట్రంకు పెట్టెల్లోనే ఉండిపోతున్నాయి. సొంతంగా వేసుకుందామంటే, 1000 కాపీలైతేనే గిట్టుబాటు అన్న మాట అడ్డొస్తోంది. ఆ మాటను మేము ఒప్పుకోము.

ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు 100 కాపీలకైనా 1000 కాపీలకైనా ఒకటే. అందుకే ఎక్కువ వేసినకొద్దీ ఒక్కో కాపీ ధర తగ్గుతుంది. కానీ అమ్ముడుపోక మంచం కింద చెదలు పట్టే పుస్తకాలు చౌక ఎలా అవుతాయి? డిజిటల్ ప్రింటింగుకు ప్లేట్లు అక్కర్లేదు. ముందు 100 వేసుకోవచ్చు. అవి అయిపోతే మరో 50.

అలా మిగిలిన డబ్బును మెరిసే అట్టకు కాదు, బైండింగుకు పెట్టాలి. మన పుస్తకాన్ని కొన్నవాడొక్కడే చదవడు. హాస్టల్లో అది చేతులు మారుతూనే ఉంటుంది. విడి కాగితాలకు జిగురు పూసి అట్ట అంటిస్తే, కొన్నాళ్లకే పేజీలు ఊడే ప్రమాదముంది. 4 షీట్లు మడిచి ఒకదానిలో ఒకటి పెడితే 16 పేజీల ఫారం అవుతుంది. 96 పేజీల పుస్తకానికి 6 ఫారాలు. వాటిని మడత దగ్గర దారంతో కుట్టిస్తే పుస్తకం ఏళ్ల తరబడి నిలుస్తుంది. పేజీల అమరిక దీన్నిబట్టే ఉంటుంది కనుక ప్రెస్సు వాళ్లకు ముందే చెప్పాలి. యూనికోడ్‌లో టైపు చేసింది డీటీపీ ఫాంట్లలోకి మార్చినప్పుడు వత్తులు చెదరవచ్చు. అందుకని ఆఖరి ప్రూఫు ఆ తర్వాతే దిద్దాలి.

ఇంకొక్క మాట. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీలలోని మరో రెండు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. సొంతంగా వేసుకున్నవాళ్లూ ప్రచురణకర్తలే. దీన్ని భారంగా కాక హక్కుగా చూద్దాం. ఏ కాగితంలోనూ లేని మన అవ్వల, తాతల కష్టం ఆ బీరువాల్లోకి చేరే దారి ఇది.

పూర్వ విద్యార్థి మిత్రులారా! వార్షికోత్సవంలో శాలువాలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొంత తగ్గించుకుందాం. ఏడాదికొక తమ్ముడిదో, చెల్లెలిదో పుస్తకం వేయిద్దాం. 100 కాపీలు చాలు. కానీ ప్రతి కాపీనీ కుట్టించే వేయిద్దాం.