మొదటి రోజు ఏమడుగుతారు?

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి గ్రామం నుంచి ఒక సోదరి గత మాసం మాకు నాలుగు పుటల లేఖ వ్రాశారు. తమ పేరు ప్రచురించవద్దని కోరుతూనే, ఊరి పేరు వ్రాయడానికి అభ్యంతరం లేదన్నారు. రాత్రిళ్ళు నిద్రపట్టని స్త్రీ తమ ఊళ్ళో తానొక్కతే కాదట. ఆమె ఎవరో తెలియకుండా ఉండేందుకు కొన్ని వివరాలను మార్చి, విషయాన్ని మాత్రం ఉన్నదున్నట్లుగా ఇక్కడ ఇస్తున్నాము.

రెండవ కాన్పు జరిగి ఐదు నెలలైంది. భర్త ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నారు. బిడ్డ నిద్రపోయినా తల్లికి కునుకు రాదు. అన్నం సహించదు. నమాజులో నిలబడితే చాలు, కారణం లేకుండా కన్నీళ్ళు కారిపోతాయి. బిడ్డను అత్తగారి ఒడిలో పెట్టి ఎటైనా వెళ్ళిపోవాలనిపిస్తుంది. ఇంటివారు నీళ్ళు ఊదించి త్రాగించారు, తాయెత్తు కట్టించారు. ఒక దర్గాలో నలభై రోజులు ఉంచుతామని అత్తగారు మొక్కుకున్నారు. విజయవాడలో కౌన్సిలింగ్ చేసేవారి వద్దకు తీసుకువెళతానని అన్నగారు పట్టుబడుతున్నారు. పిచ్చిదని పేరు పడితే ఆడబిడ్డ పెళ్ళి ఏమవుతుందని ఇంట్లో మరో వాదన.

ఇల్లంతా వెళ్ళాలా వద్దా అని వాదించుకుంటూ ఉండగా, వెళ్ళవలసిన సోదరి మాత్రం మమ్మల్ని వేరే సంగతి అడిగారు. లోపల ఏమడుగుతారు? తాను చెప్పింది భర్తకూ అత్తగారికీ చేరవేస్తారా?

సోదరీ, రెండవ ప్రశ్నకే ముందుగా జవాబిస్తాము. మీ అనుమతి లేకుండా చెప్పకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 లోని 23వ సెక్షన్ చికిత్స పొందే వ్యక్తికి గోప్యత హక్కును ఇచ్చింది. శిక్షణ పొందిన కౌన్సిలర్ తొలి సమావేశంలోనే ఈ మాట చెబుతారు. దానికున్న హద్దు కూడా చెబుతారు. మీ ప్రాణానికో, బిడ్డకో, మరొకరికో అపాయం ఉన్నదని తోచినప్పుడు, కాపాడటానికి అవసరమైనంత మేరకు ఇంటివారికి తెలియజేయవలసి ఉంటుంది. ఈ హద్దును ముందే చెప్పకుండా, అన్నీ కక్కేయమని తొందరపెట్టే వ్యక్తి వద్ద మీరు జాగ్రత్తగానే ఉండండి. సలహా కోరబడిన మనిషి అమానతుదారుడని దైవప్రవక్త (సఅసం) బోధించిన సంగతి మనకు తెలిసినదే. వదినగారి గుట్టు వంటింటి నుంచి వీధి అరుగు దాకా చేరే మన ఇళ్ళలో ఆ బోధన ఎంత అమలవుతున్నదో మాత్రం చెప్పలేము.

ఇక లోపల జరిగేది. సాధారణంగా ముప్పావు గంట, మహా అయితే గంట. మీతో వచ్చినవారిని కాసేపు కూర్చోబెట్టి మాట్లాడినా, తరువాత వారిని బయటకు పంపి మీతో ఒంటరిగా మాట్లాడతారు. అన్నగారు దీనికి నొచ్చుకోరాదు. భర్త ఎదుట, అత్తగారి ఎదుట, చివరకు ప్రేమించే అన్న ఎదుట కూడా నోరు దాటని మాటలుంటాయి. మొదటి ప్రశ్న చాలావరకు ఇలా ఉంటుంది: ఇంతకాలం ఊరుకొని ఇప్పుడే ఎందుకు వచ్చారు? తరువాత నిద్ర, ఆకలి, కాన్పు ఎలా జరిగింది, బిడ్డకు పాలు చాలుతున్నాయా, ఇంట్లో చేతికింద సాయపడేవారెవరు, గతంలో ఎప్పుడైనా ఇలా అయిందా అని అడుగుతారు. ఒక్కొక్కరు 10 ప్రశ్నల కాగితం ఇస్తారు. ప్రసవానంతర దిగులును గుర్తించడానికి 1987లో ఎడిన్‌బరోలో తయారైన ప్రశ్నావళి అది. గడచిన 7 రోజులలో మీకెలా ఉన్నదో అడుగుతుంది. ఉత్తీర్ణత, అనుత్తీర్ణత అందులో లేవు. చివరి ప్రశ్న, మీకు మీరు హాని చేసుకోవాలన్న తలంపు వచ్చిందా అని. ఉలిక్కిపడవద్దు. అడిగినంత మాత్రాన లేని తలంపు పుట్టదు. ఉన్న తలంపును దాచుకొని మోసేవారికి ఆ ప్రశ్నతో భారం కొంత దిగుతుంది. వచ్చి ఉంటే వచ్చిందనే చెప్పండి. అటువంటి తలంపు బలపడినా, ఎవరూ లేని చోట మాటలు వినిపించినా అపాయింట్‌మెంటు తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

మొదటి రోజే సలహాల మూట చేతిలో పెడతారని ఆశించకండి. చాలామంది నిరాశపడేది ఇక్కడే. రెండు బస్సులు మారి ఇంత దూరం వస్తే విని ఊరుకున్నారేమిటని అనుకుంటారు. ఆ వినడమే ఆనాటి పని. అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1942లో వెలువరించిన గ్రంథంలో, ఎదుట కూర్చున్న మనిషిని రోగి అనకుండా క్లయింట్ అన్నారు. తన బాధ సంగతి ఆ మనిషికే ఎక్కువ తెలుసుననీ, వినేవారు తీర్పు చెప్పకుండా గౌరవంతో వింటేనే దారి తెరుచుకుంటుందనీ ఆయన నమ్మకం. మనకిది కొత్త కాదు. వ్యభిచారానికి అనుమతి ఇవ్వమని నిండు సభలో అడిగిన యువకుణ్ణి సహచరులు గద్దించబోతే, దైవప్రవక్త (సఅసం) అతణ్ణి దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో, నీ కుమార్తె విషయంలో, నీ సోదరి విషయంలో దానిని ఇష్టపడతావా అని ఒక్కొక్కటే అడిగారు. జవాబులన్నీ అతని నోటనే వచ్చాయి. చివరకు అతనిపై చేయి ఉంచి దుఆ చేశారు. ముస్నద్ అహ్మద్‌లోని ఈ ఉల్లేఖనాన్ని నైతిక బోధగానే చదువుతాము. దానిలోని సంభాషణ తీరును కూడా ఒకసారి గమనించండి.

మీ విశ్వాసం బలహీనపడినందువల్లే ఈ కన్నీళ్ళని ఎవరో అన్నారని వ్రాశారు. కుమారుని కోసం దుఃఖించి యాఖూబ్ (అలైహిస్సలాం) కళ్ళు తెల్లబడిపోయాయని దివ్యఖుర్ఆన్ చెబుతున్నది. ఆయన విశ్వాసాన్ని ఎవరు శంకించగలరు? క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ దేహాన్నీ మనసునూ కలిపి వ్రాసిన వైద్య గ్రంథంలో విచారాన్ని రెండు రకాలుగా విభజించాడు. ఒకటి కారణం తెలిసినది, రెండవది కారణం తెలియనిది. రెండవదానికి మూలం శరీరంలో ఉంటుందనీ, దానికి వైద్యం అవసరమనీ ఆయన అభిప్రాయం. నేడు వైద్యులు బాలింతకు థైరాయిడ్, రక్తహీనత పరీక్షలు చేయించమంటారు, ఆ లోపాలు కూడా ఇటువంటి అలసటనూ దిగులునూ తేగలవు కనుక. మందులు వ్రాసేది మానసిక వైద్యులే. సైకాలజిస్టు మాటల ద్వారా చికిత్స చేస్తారు. క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నదా అని అడగడం అమర్యాద కాదు. మహిళా కౌన్సిలర్ కావాలని కోరవచ్చు. దొరకకపోతే తలుపు ఓరగా ఉంచి, మాట వినపడనంత దూరంలో అన్నగారిని కూర్చోబెట్టమనవచ్చు. ఖుర్ఆన్ పారాయణం, దుఆ మానివేయమని ఎవరైనా చెబితే అక్కడికి మళ్ళీ వెళ్ళకండి.

అత్తగారికి ఒక మాట. అమ్మా, మీరు మొక్కుకున్నది కోడలి మేలు కోరే అని మాకు తెలుసు. అయితే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గాకు సమీపాన ఉన్న ఒక ప్రైవేటు ఆశ్రయంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన కారణంగా తప్పించుకోలేక 28 మంది మరణించారు. వారిని అక్కడ దించి వెళ్ళిన వారూ మేలు కోరిన తల్లులూ అన్నలే. గొలుసులతో కట్టడాన్ని 2017 చట్టం నిషేధించింది. మీ కోడలిని ఎవరూ కట్టివేయరని మీరనవచ్చు. పాలు త్రాగే బిడ్డ ఉన్న తల్లిని నలభై రోజులు మందూ మాకూ లేకుండా ఇంటికి దూరంగా ఉంచడమే మమ్మల్ని కలవరపెడుతున్నది. ఆడబిడ్డ పెళ్ళి సంగతంటారా, బాలింత దిగులు వైద్యంతో నయమయ్యే జబ్బు. దానిని దాచి ముదరనిస్తే ఊరంతటికీ తెలిసేది అప్పుడే.

ప్రయాణం ఈ వారం కుదరకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ తరువాత తిరువూరు, మైలవరం మీదుగా విజయవాడ వెళ్ళండి. ప్రైవేటు ఫీజు భారమైతే అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. మొదటి వ్యక్తి వద్ద మనసు విప్పలేకపోతే రెండు మూడు సమావేశాలు చూసి మరొకరిని వెతుక్కోవచ్చు; అందులో కృతఘ్నత ఏమీ లేదు.

లేఖ చివర చిన్న అక్షరాలతో, అక్కడ ఏడుపు వస్తే ఏమనుకుంటారోనని వ్రాశారు. ఏమీ అనుకోరు సోదరీ. ఏడ్చి, ఆగి, మళ్ళీ మాట్లాడేవారిని వారు రోజూ చూస్తారు. చెప్పాలనుకున్న సంగతులు ముందు రోజు రాత్రే ఒక చీటీ మీద వ్రాసుకోండి, మాకు వ్రాసినట్లే. అక్కడ మాట పెగలకపోతే ఆ చీటీ చేతికివ్వండి. బిడ్డను ఇంట్లో వదలలేకపోతే వెంట తీసుకువెళ్ళండి. మీరు లోపల ఉన్నంతసేపూ మేనమామ ఎత్తుకొని వరండాలో తిప్పుతారు.