వందతో గుణిస్తే సరిపోదు

ఫార్మా అనగానే మనవాళ్లు "అది బీఫార్మసీ వాళ్ల సంగతి కదా" అంటారు. కానీ బాలానగర్ ఐడీపీఎల్‌లో పనిచేసి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి గారి పీహెచ్‌డీ కెమికల్ ఇంజినీరింగ్‌లోనే. టాబ్లెట్ తయారీలో మన పని ఎంతుందో చెప్పడానికి డ్రై గ్రాన్యులేషన్ ఒక్కటి చాలు.

మందు పొడి చాలాసార్లు సాఫీగా జారదు. అలాగే ప్రెస్‌లో పోస్తే ఒక బిళ్లలో ఎక్కువ, ఇంకో బిళ్లలో తక్కువ పడుతుంది. అందుకే ముందు రేణువులు చేస్తారు. తడికి, వేడికి పాడయ్యే మందులైతే నీళ్లు కలపకుండా, ఆరబెట్టే పని లేకుండా చేస్తారు. సాగర్ రోడ్డు మీద చెరకు రసం బండి చూసే ఉంటారు. ఇక్కడా అంతే, ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్ల మధ్య పొడి నలిగి పట్టీలా వస్తుంది. దాన్ని మిల్లులో విరగ్గొట్టి, టాబ్లెట్ ప్రెస్‌కు పంపుతారు.

ల్యాబ్‌లో కిలో పొడితో కుదిరింది, ఫ్యాక్టరీలో వందల కిలోలకు అలాగే కుదరదు. రోలర్ వెడల్పు రెండింతలైతే అదే బలం రెండింతల చోటుకు పంచుకుపోతుంది, పట్టీ వదులుగా వస్తుంది. అందుకే సెంటీమీటరు వెడల్పుకు ఎంత బలం అని లెక్క చూస్తారు. వేగం పెంచితే పొడిలోని గాలికి బయటపడే టైం ఉండదు. పోనీ ఇంకా గట్టిగా నొక్కుదామంటే, కొన్ని పొడులు ఒకసారి బిగిశాక ప్రెస్‌లో మళ్లీ సరిగా అతుక్కోవు. బిళ్ల బలహీనంగా వస్తుంది.

మరి ఏది మారకుండా చూసుకోవాలి? పట్టీ సాంద్రతకు, ఆ పదార్థం అసలు సాంద్రతకు ఉన్న నిష్పత్తిని. చిన్న యంత్రంలో ఎంత వచ్చిందో పెద్దదాంట్లోనూ అంతే రావాలి. పొడి ఘర్షణను, అణిగే గుణాన్ని బట్టి రోలర్ల మధ్య ఒత్తిడిని లెక్కగట్టే సిద్ధాంతాన్ని జోహాన్సన్ 1965లోనే ఇచ్చాడు. ఘర్షణ, ఒత్తిడి, సాంద్రత: అన్నీ మనం చదివినవే.

అయినా మన ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు "ల్యాబ్‌లో పనిచేసింది" దగ్గరే ఆగిపోతాయి. నా ప్రతిపాదన ఒక్కటే. ఏ బ్రాంచి అయినా సరే, ప్రతి రిపోర్టులో రెండు పేజీలు తప్పనిసరి చేయాలి: దీన్ని వంద రెట్లు పెద్దది చేస్తే ఏది మారుతుంది, ఏది మారకూడదు? పెద్ద యంత్రం మన దగ్గర లేదంటారా? ఆ రెండు పేజీలు రాయడానికి కాగితం, కాలిక్యులేటర్ చాలు. వైవాలో మొదటి ప్రశ్న కూడా అదే అయితే, జీడిమెట్లలోనో జడ్చర్లలోనో ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు మన దగ్గర జవాబు ఉంటుంది.