కోసీ ఇల్లు మారిన రోజు

2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద కోసీ నది తూర్పు కరకట్టకు గండి పడింది. నిజానికి అది పెద్ద వరద వచ్చిన రోజేమీ కాదు. నదిలో ఉన్నది సుమారు లక్షన్నర క్యూసెక్కులు. అక్కడికి దాదాపు పన్నెండు కిలోమీటర్ల దిగువన ఉన్న భీమ్‌నగర్ బ్యారేజీనీ, దాని కట్టలనూ తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కులు తట్టుకునేలా డిజైన్ చేశారు. ఆ లెక్కలో ఆరో వంతు నీటికే కట్ట తెగింది. నీళ్లలో అధిక భాగం బ్యారేజీ వైపు వెళ్లడం మానేసి, తెగిన చోటు నుంచి కొత్త దారి పట్టాయి. ఆ దారి అప్పటి నదికి తూర్పున వంద కిలోమీటర్లకు పైగా జరిగింది. బీహార్‌లోని సుపౌల్, మధేపురా, అరరియా, సహర్సా, పూర్ణియా జిల్లాల్లో 30 లక్షల మందికి పైగా దాని బారిన పడ్డారు. వాళ్లలో చాలామంది పుట్టి బుద్ధెరిగాక కోసీ నీళ్లు గడప తొక్కడం చూడనివాళ్లు. కట్ట ఉంది కదా అన్న ధీమాతో ఊళ్లూ రోడ్లూ రైలుమార్గాలూ వేసుకున్నవాళ్లు.

దాన్ని వరద అని పిలవడమే పొరపాటు. వరద అంటే నది గట్టు పొర్లి, తర్వాత మళ్లీ గట్టులోకి వెళ్లిపోవడం. ఇక్కడ నదే ఇల్లు మారింది. మారింది కూడా ఎక్కడికో కాదు, తన పాతింటికే. 18వ శతాబ్దంలో కోసీ పూర్ణియాకు దగ్గరగా పారేది. అప్పటి నుంచి రెండు వందల ఏళ్లలో కొద్దికొద్దిగా పడమరకు 110 కిలోమీటర్లకు పైగా జరిగింది. పోతూపోతూ వదిలేసిన పాయలు ఇప్పటికీ ఆ జిల్లాల నిండా ఉన్నాయి. అక్కడి జనం వాటిని ‘ధార్’ అంటారు. వానాకాలంలో నీళ్లు, వేసవిలో పశువుల మేత. 2008లో నది వెతుక్కున్నది వాటినే.

నదులు జరగడం వింతేమీ కాదు. వంపు తిరిగిన చోట బయటి గట్టును కోసి, లోపలి గట్టున ఇసుక మేట వేయడం ప్రతి నదీ చేసే పనే. గోదావరి లంక రైతుకు ఈ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ ఒడ్డున కొబ్బరి చెట్లతో సహా కూలిపోయిన నేల మరో ఒడ్డున లంకగా లేస్తుందని అతనికి తెలుసు. కాకపోతే కోసీ చేసేది ఇంకా పెద్ద ఎత్తున ఉంటుంది. ఎవరెస్టు, కాంచనగంగ శిఖరాల మంచు, వాన కలిసి ఏడు నదులుగా దిగుతాయి. నేపాల్‌లో దీన్ని సప్తకోసీ అనేది అందుకే. ఇంకా ఎదుగుతున్న, తరచూ భూకంపాలు కుదిపే, వానకు కరిగిపోయే కొండలవి. ఆ మట్టినంతా మోసుకొచ్చిన నది చత్రా దగ్గర కొండలు దాటగానే ఒక్కసారిగా బల్లపరుపు నేల మీద పడుతుంది. వాలు తగ్గితే వడి తగ్గుతుంది, వడి తగ్గితే మోత దించక తప్పదు. ఏటా కోట్ల టన్నుల ఇసుక, ఒండ్రు దించిన కొద్దీ నదీగర్భం ఎత్తు పెరుగుతుంది. ఒకనాటికి నది తన ఇసుక తానే ఎక్కి కూర్చున్నట్టవుతుంది. అప్పుడు పక్కన పల్లం ఎక్కడుంటే అక్కడికి జారుతుంది. ఇలా వేల ఏళ్లుగా అటూ ఇటూ జారుతూ కోసీ పేర్చిన మట్టే ఉత్తర బీహార్‌లో విసనకర్ర ఆకారంలో దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పున పరుచుకుని ఉంది. ‘బీహార్ దుఃఖదాయిని’ అని పేరు పెట్టిన నదే ఆ నేలను తయారు చేసింది.

ఇలాంటి నదికి రెండు వైపులా కట్ట వేస్తే ఏమవుతుంది? విసనకర్ర అంతటా పరుచుకోవలసిన ఇసుక రెండు కట్టల మధ్యే దిగుతుంది. ఏటికేడాది నదీగర్భం లేస్తుంది. కొన్ని దశాబ్దాలకు కట్ట లోపలి నది బయటి పొలాల కంటే కొన్ని మీటర్ల ఎత్తున పారుతుంటుంది. కుసహాలో జరిగింది అదే. నీటిని పక్కకు మళ్లించే స్పర్లు కోతకు గురవుతున్నా సకాలంలో మరమ్మతు చేయలేదన్నది నిజం. బాధ్యత పాట్నాదా, ఖాట్మండుదా అన్న తగువూ చాలాకాలం నడిచింది. కానీ కాపలా ఎంత గట్టిగా ఉన్నా, ఎత్తున నది, పల్లాన ఊరు ఉన్నంతకాలం ఏదో ఒక గండి రాసిపెట్టి ఉన్నట్టే. కుసహాది ఎనిమిదో గండి. మొదటిది 1963లో, అంటే బ్యారేజీ పని పూర్తయిన రోజుల్లోనే, నేపాల్‌లోని డల్వా దగ్గర పడింది.

ఇది తెలియక చేసిన పని కాకపోవడమే ఈ కథలో బాధ కలిగించే విషయం. 19వ శతాబ్దంలో బెంగాల్‌లో దామోదర్ నదికి కట్టలు వేసి చూసిన బ్రిటిష్ ప్రభుత్వం, పొలాలకు ఒండ్రు అందకపోవడం, గండ్లు పడడం చూసి కుడి కట్టను కొంత దూరం పడగొట్టించింది. 1937లో పాట్నాలో జరిగిన వరదల సదస్సులో బీహార్ చీఫ్ ఇంజినీర్‌గా పనిచేసిన కెప్టెన్ హాల్ కట్టలు వద్దని గట్టిగా వాదించారు. వరదను పూర్తిగా ఆపడం కన్నా పలుచగా పరుచుకోనివ్వడమే మేలన్నది ఆయన వాదన. స్వాతంత్ర్యం వచ్చాక ఆ మాట వినే ఓపిక ఎవరికీ లేకపోయింది. 1953, 1954లలో వరసగా వరదలు. హిమాలయాల్లో భారీ డ్యామ్ కట్టాలంటే డబ్బూ లేదు, సమయమూ లేదు. జనానికి వెంటనే ఏదో ఒకటి చూపించాలి.

ఇక్కడ కథలోకి ఒక తెలుగు ఇంజినీరు వస్తారు. 1954లో కేంద్రం కన్వర్ సైన్‌తో పాటు కానూరి లక్ష్మణరావును చైనా పంపింది. పసుపు నదికి (హ్వాంగ్ హో) అక్కడివాళ్లు వేసిన కట్టలు చూసి రమ్మంది. వాళ్లు చూసి వచ్చి కోసీకి కట్టలు వేయవచ్చని చెప్పారు. ఆ పసుపు నదికి శతాబ్దాల నుంచి కట్టలున్నాయి, శతాబ్దాల నుంచి అది వాటిని తెంచుకుంటూనే ఉంది. 1855లో తెంచుకున్నప్పుడైతే సముద్రంలో కలిసే చోటునే వందల కిలోమీటర్ల ఉత్తరానికి మార్చుకుంది. అయితే మరో మాట కూడా చెప్పాలి. 1949 తర్వాత చైనా ఆ కట్టలను పదేపదే ఎత్తు పెంచుతూ, పైన రిజర్వాయర్లు కడుతూ దిగువన పెద్ద గండి పడకుండా కాపాడుకుంది. కానీ నది ఇప్పుడు చుట్టుపక్కల నేలకు చాలా ఎత్తున వేలాడుతోంది. ఆ కాపలా ఒక్క ఏడాది కూడా ఆపడానికి వీల్లేదు. లక్ష్మణరావు సామాన్యుడు కాదు. నాగార్జునసాగర్ వంటి ప్రాజెక్టుల వెనుక ఉన్న మేధావి, తర్వాత కేంద్రంలో నీటిపారుదల మంత్రి. ఆ తరం ఇంజినీర్లకు నది అంటే లెక్క కట్టి లొంగదీయవలసిన నీరు. ఇసుక కూడా నదిలో భాగమే అన్న లెక్క తర్వాత వచ్చింది.

1950ల మొదట్లో బీహార్‌లో ఉన్న కట్టలు 160 కిలోమీటర్లు. అవి పెరిగి పెరిగి 3,400 కిలోమీటర్లు దాటాయి. అదే కాలంలో రాష్ట్రంలో వరద ముప్పు ఉన్న భూమి 1954లోని 25 లక్షల హెక్టార్ల నుంచి 1994 నాటికి దాదాపు 69 లక్షల హెక్టార్లకు చేరింది. రోడ్లు, రైలు కట్టలు కూడా నీటికి అడ్డం పడ్డాయి కాబట్టి పెరిగినదంతా కరకట్టల ఖాతాలో వేయడం న్యాయం కాదు. అయినా వైద్యంతో పాటే రోగం రెట్టింపైతే మందు సీసా మీద రాసి ఉన్నది ఓసారి చదవాలి. ఇంజినీరుగా చదువుకుని దశాబ్దాల పాటు ఈ నదుల వెంట తిరిగిన దినేశ్ కుమార్ మిశ్రా ఈ లెక్కలనే పదేపదే ముందుకు తెచ్చారు.

ఇంత దెబ్బతిన్న నది కోలుకుంటుందా? కోలుకుంటుందనడానికి దాఖలాలున్నాయి. అయితే అవి కోసీ కంటే చాలా నెమ్మదస్తురాళ్లైన నదులవి. అమెరికాలోని ఫ్లోరిడాలో కిసిమీ అనే నది 166 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పారేది. తుపాను వరదల తర్వాత అక్కడి సైనిక ఇంజినీర్లు 1962 - 1971 మధ్య దాన్ని 90 కిలోమీటర్ల తిన్నని కాలువగా తవ్వేశారు. వరద తగ్గింది. దాంతో పాటు చిత్తడి నేలలు ఎండాయి, చలికాలం వచ్చే బాతుల్లో 90 శాతం రావడం మానేశాయి, అడుగున కుళ్లు పేరుకుని నీటిలో ఆక్సిజన్ పడిపోయింది. కాలువ తవ్విన వాళ్లే 1999లో దాన్ని పూడ్చడం మొదలుపెట్టారు. 35 కిలోమీటర్ల మేర పూడ్చారు. మట్టి అడ్డం పడగానే నీళ్లు పక్కనే ఎండి పడి ఉన్న పాత వంపుల్లోకి వాటంతటవే వెళ్లాయి. ప్రవాహం అడుగున ఉన్న కుళ్లును కడిగేసింది. తెల్లటి ఇసుక తిన్నెలు మళ్లీ లేచాయి. చేపలూ కొంగలూ బాతులూ అనుకున్న దానికంటే ఎక్కువే తిరిగొచ్చాయి. నదికి ఆకారం ఎవరూ గీసివ్వనక్కర్లేదు, చోటిస్తే తానే గీసుకుంటుందని అక్కడ తేలింది. 2021లో పని ముగిసేసరికి ఖర్చు వంద కోట్ల డాలర్లకు దగ్గరకొచ్చింది. ఆ డబ్బులో పెద్ద వాటా మట్టి పనికి కాక, నది మళ్లీ పరుచుకునే చోట ఉన్న భూములు కొనడానికే పోయింది.

నెదర్లాండ్స్‌ది ఇంకా ఇరుకు సంసారం. 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించవలసి వచ్చాక కట్టలు ఎత్తు పెంచే బదులు వెనక్కి జరపడం మొదలుపెట్టింది. నైమేఖెన్ నగరం దగ్గర కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపి నదికి పక్కనే మరో పాయ తవ్వారు. దాని కోసం కొందరు ఇళ్లు వదులుకోవలసి వచ్చింది. పరిహారం ముందే చేతికిచ్చారు.

ఈ చివరి మాట దగ్గరే మన కథ మలుపు తిరుగుతుంది. లక్ష్మణరావు పార్లమెంటులో ప్రాతినిధ్యం వహించిన విజయవాడలోనే 2024 సెప్టెంబర్‌లో బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బుడమేరును కృష్ణకు మళ్లించే కాలువ ఉంది. కానీ అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకు పైగా పారుతోంది. పొంగే నది పిల్ల ఏటిని లోపలికి రానివ్వదు. ఇక బుడమేరు కొల్లేరుకు పోయే సొంత దారి ఇళ్లకిందా లేఅవుట్ల కిందా చిక్కిపోయింది. ‘ఆక్రమణలు తొలగించాలి’ అని వరద రోజున అందరూ అంటారు. ఏరు దాటాక బోడి మల్లన్నే. నదికి చోటివ్వడం అంటే ఎవరో ఒకరి చోటు తీసుకోవడం. ఆ ఎవరో ఎవరన్న ప్రశ్నకు జవాబు చెప్పే నాయకుడు అరుదు.

కోసీలో ఆ జవాబు ఎప్పుడో, ఎవరినీ అడక్కుండానే చెప్పేశారు. రెండు కట్టల మధ్య 300కు పైగా ఊళ్లున్నాయి. లక్షల మంది ఉన్నారు. కట్టలు వేసినప్పుడు బయట ఇంటి స్థలం ఇస్తామన్నారు, కొందరికి ఇచ్చారు. పొలం మాత్రం లోపలే ఉండిపోయింది. పొలం వదిలి ఇంటి స్థలంలో ఏం తింటారు? చాలామంది తిరిగొచ్చేశారు. వాళ్ల కోసం 1987లో ఒక ప్రాధికార సంస్థ ఏర్పాటు చేశారు. అది కాగితం దాటి ఎక్కువ దూరం నడవలేదు. కుసహా గండిని 2009 జనవరి నాటికి పూడ్చి నదిని మళ్లీ కట్టల మధ్యకు తెచ్చినప్పుడు బయటి జిల్లాలు ఊపిరి పీల్చుకున్నాయి. లోపలివాళ్లకు నీళ్లు తిరిగొచ్చాయి. ఇసుక మేటలు పడిన బయటి పొలాలు అలాగే మిగిలాయి.

కట్టలన్నీ పడగొట్టమనడం తేలికే. కానీ సహర్సా, సుపౌల్ పట్టణాలను ఇప్పుడు నదికి అప్పగించే మొనగాడు ఎవరూ లేరు, ఉండకూడదు కూడా. చేయగలిగింది మధ్యేమార్గం. మూసుకుపోయిన ధార్‌లలో కొన్నింటిని తెరిచి వరదలో కొంత నీటిని, ముఖ్యంగా కొంత ఇసుకను వాటిలోకి వదలడం, వీలున్న చోట కట్టను వెనక్కి జరపడం, ఆ భూమికి ముందే ధర కట్టి ఇవ్వడం. నది గురించి పరిశోధించిన శాస్త్రవేత్తలు ఏళ్లుగా చెబుతున్నది ఇంచుమించు ఇదే. ప్రభుత్వాల చూపు మాత్రం ఎప్పుడూ పెద్ద పనుల మీదే. బరాహక్షేత్ర దగ్గర ఎత్తైన డ్యామ్ గురించి 1940ల నుంచి మాట్లాడుతున్నారు. 2025 మార్చిలో కేంద్రం 6,282 కోట్ల రూపాయల కోసీ - మేచీ అనుసంధానానికి ఆమోదం తెలిపింది. తూర్పు కాలువను మొత్తం దాదాపు 117 కిలోమీటర్ల పొడవు అయ్యేలా పొడిగించే ఆ పథకం సాగునీటికి పనికి రావచ్చు. లక్షల క్యూసెక్కుల వరద ముందు ఒక సాగునీటి కాలువ మళ్లించగలిగేది చాలా తక్కువ, ఇసుకను అసలు పట్టించుకోదు.

2024 సెప్టెంబర్ 29న బ్యారేజీ నుంచి 6.61 లక్షల క్యూసెక్కులు వదలాల్సి వచ్చింది. 56 ఏళ్లలో అంత నీరు రాలేదు. దర్భంగా జిల్లా భూభౌల్ దగ్గర పశ్చిమ కట్ట తెగింది. తెగని చోట్ల లోపలి ఊళ్లవాళ్లు ఎప్పటిలాగే పశువులతో కట్ట మీదికెక్కారు. అక్కడి ఇళ్లు చాలావరకు వెదురు తడికెలవి, రెల్లు గడ్డి కప్పులవి. గట్టు కోసుకుపోతోందని తెలిస్తే విప్పి పడవలో వేసుకుని మరో దిబ్బ మీద నిలబెట్టుకోవడానికి వీలుగా ఉంటాయి. భూమి అలా కుదరదు. అది నది కిందికి పోయినా రికార్డులో రైతు పేరు మీదే ఉంటుంది. పారే నీటి కింద ఉన్న ఆ పొలానికి శిస్తు మాఫీ చేయమని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు.