లావు కడ్డీ గొప్పా? సమతూకం గొప్పా?

(తృతీయ బి.ఎస్సీ. విద్యార్థి)

స్పోర్ట్సు కారుకు లావుపాటి స్వే బార్లు వేయిస్తే మలుపుల్లో అది రోడ్డుకు అతుక్కుపోతుందని మా హాస్టల్లో గట్టిగా వాదించేవాళ్ళున్నారు. కారు లేనివాళ్ళే ఈ వాదన ఎక్కువగా చేస్తారనుకోండి! నేను ట్రాక్టరు తప్ప వేరే బండి ఎరగని రైతు కుటుంబం నుంచి వచ్చినవాణ్ణి. అయినా భౌతికశాస్త్రం చదువుకున్న పాపానికి నాలుగు మాటలు చెప్పదలిచాను.

స్వే బారు అంటే బ్రహ్మపదార్థమేమీ కాదు. కుడి, ఎడమ చక్రాలను కలుపుతూ కారుకు అడ్డంగా పోయే స్ప్రింగు ఉక్కు కడ్డీ. మలుపులో కారు ఒరిగితే ఈ కడ్డీ మెలి తిరుగుతుంది. ఆ మెలికే ఒరుగుడును అడ్డుకుంటుంది. మన లాబరేటరీలో దృఢతా గుణకం కోసం మెలిపెట్టే కడ్డీ ఉందే, సూత్రం అదే. మెలికను ఎదిరించే బలం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ తీసి 22 వేస్తే బలం 46 శాతం పెరుగుతుంది. 24 వేస్తే రెట్టింపు దాటుతుంది. కంటికి ఆనీ ఆనని తేడా కారు నడకనే మార్చేస్తుంది.

ఒరుగుడు తగ్గితే బరువు మారడం కూడా ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగదు. లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు ఎంత బరువు మారాలో ప్రధానంగా కారు బరువు, గరిమనాభి ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, మలుపు తిరిగే వేగం తేలుస్తాయి. ఎత్తుగా గడ్డి వేసిన ఎడ్లబండి తోలినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మార్పులో ముందు చక్రాల వాటా ఎంత, వెనక చక్రాల వాటా ఎంత అని పంచడమే కడ్డీ పని. టైరు మీద బరువు రెట్టింపైనా పట్టు రెట్టింపు కాదు. అందుచేత ఏ జతకు గట్టి కడ్డీ వేస్తే ఆ జత పట్టు కాస్త తగ్గుతుంది. ముందు మరీ గట్టి చేస్తే కారు తిరగనని మొరాయిస్తుంది. వెనక చేస్తే తోక విసురుతుంది.

దీనికి చరిత్రలో సాక్ష్యం ఉంది. అమెరికాలో షెవర్లే కంపెనీ 1960 మోడల్‌గా తెచ్చిన కోర్వేర్ కారుకు ఇంజను వెనక ఉండేది. ముందు స్వే బారు లేదు. ముందు టైర్లలో 15, వెనక టైర్లలో 26 పౌన్ల గాలి ఉంచుకోమన్నారు. 1964లో ముందు బారు, వెనక అడ్డంగా ఒక పట్టీ స్ప్రింగు చేర్చారు. 1965 మోడల్‌కు వెనక సస్పెన్షనే మార్చారు. ఆ ఏడే రాల్ఫ్ నాడర్ తన పుస్తకంలో పాత కోర్వేర్‌ను దుయ్యబట్టాడు. ఆ కాలపు ఇతర కార్ల కంటే అదేమీ అధ్వాన్నం కాదని 1972లో అమెరికా ప్రభుత్వ భద్రతా సంస్థ తేల్చింది. తగవు సంగతి అలా ఉంచండి. వెనక జబ్బుకు ముందు కూడా మందు వేశారు, గమనించారా?

పొలంలో లెక్క వేరు. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. ఒక చక్రం గట్టెక్కినా రెండోది నేలను వదలదు. ఆ ఇరుసును బిగించేస్తే ఒక చక్రం గాలిలో లేస్తుంది. గుంతల రోడ్డు మీద లావు బారు కారుకూ అలాంటి తిప్పలే. కాడి కింద ఒక ఎద్దు తూలితే రెండోదీ తూలినట్టు, ఒక చక్రానికి తగిలిన దెబ్బ రెండోదానికీ అందుతుంది. రేసు ట్రాకు నున్నగా ఉంటుంది, పక్కన జాగా ఉంటుంది. వానకు తడిసిన ఘాట్ రోడ్డు మీద తోక విసిరితే పక్కన ఉండేది లోయ.

బారు వద్దని నేననడం లేదు. ముందు మంచి టైర్లు, సరైన గాలి, అరగని రబ్బరు బుష్‌లు చూసుకోండి. ఆ తరవాతే బారు. అదీ ఒక్కసారి ఒక్క వైపే, ఒక్క మెట్టే మార్చి, ఖాళీ స్థలంలో నడిపి చూడండి.

మన అధ్యాపకులకు ఒక మనవి. మెలిక ప్రయోగాన్ని మేం మార్కుల కోసం రికార్డులో రాసి మరిచిపోతున్నాం. ఒక పాత కారు బారు తెచ్చి లాబులో బల్ల మీద పెట్టండి. నాలుగో ఘాతం అంటే ఏమిటో చేతికి తెలిసినవాడు షాపువాడు చెప్పిన మాటకు డబ్బూ పోగొట్టుకోడు, ప్రాణమూ పోగొట్టుకోడు.