రెండుముప్పావు తీర్పు

శుక్రవారమునాడు మన పట్టణములలో మనుష్యులు ఒకరినొకరు కలసికొన్నప్పుడు క్షేమసమాచారములకంటె ముందుగా అడుగుచున్న ప్రశ్న యొకటి గలదు: "ఎంత యిచ్చినారు?" క్రొత్తగా విడుదలయైన చలనచిత్రమునకు ఎన్ని నక్షత్రములు వచ్చినవని దీని యర్థము. కథ యెట్టిదని గాని, నటులు పాత్రలకు ప్రాణము పోసిరా యని గాని, ఇల్లాలిని పిల్లలను తోడ్కొనిపోవచ్చునా యని గాని కాదు. అడుగునదియు అంకెయే, చెప్పునదియు అంకెయే. "రెండుముప్పావు" అని యొకడు పలుకును. విన్నవాడు తల పంకించి, టిక్కెట్టు కొనవలెనను తలంపును అచ్చటనే విడిచిపెట్టును. అయిదింట రెండుముప్పావు! రెండున్నరకును మూడింటికిని నడుమనున్న యీ పావును ఏ త్రాసులో తూచిరి? పూర్వము కంసాలి బంగారమును గురివిందగింజతో తూచెడివాడు. ఆ గింజ యెత్తు అందఱికిని తెలిసియుండెడిది. పావు నక్షత్రమునకు అట్టి గింజ యేది? కథలోని లోపమునకు అర తీసివేసి, పాటలకు పావు కలిపిరా? నాయకుని పోరాటమున కెంత, తల్లి కన్నీటి కెంత? ఈ లెక్క చూపువారు లేరు. చూపుమని అడుగువారును లేరు.

ఈ నక్షత్రముల యాచారము మన దేశమున పుట్టినది కాదు. 1928 జూలై 31వ తేదీన న్యూయార్కు నగరపు డైలీ న్యూస్ పత్రికలో ఐరీన్ థైరర్ అను విమర్శకురాలు ఒక చిత్రమునకు మూడింట ఒక నక్షత్రము నిచ్చి దీనికి నాంది పలికినది. పరదేశమునుండి వచ్చినదగుటచేత దీనిని మేము నిందించుట లేదు. చలనచిత్రమే పరదేశమునుండి వచ్చి మనదైనది. మా యాక్షేపణ వేఱు. మాటకు తోడుగా వచ్చిన గుర్తు మాటనే వెడలగొట్టి దాని గద్దె నెక్కినది. సేవకుడు దొరయైనాడు. చదువరి సమీక్షను విడిచి దాని చివరనున్న అంకెను మాత్రము చూచుచున్నాడు. సమీక్షకుడును అది యెఱిగి, పైనున్న వాక్యములను ఏదో మొక్కుబడిగా నింపుచున్నాడు.

ఇచ్చట మా యభిప్రాయమును అపార్థము చేసికొనవలదని పాఠకులకు మనవి. సినిమా చూచినవాడు దానినిగూర్చి మాటలాడుటను మేము ఆక్షేపించుట లేదు. 1932లో "భక్త ప్రహ్లాద" వచ్చి తెర తెలుగు పలుకుట నేర్చినదాదిగా, హాలు మెట్లపైనను, కాఫీ హోటలులోను, రైలుపెట్టెలోను మనవారు సినిమాలను తూర్పారబట్టుచునే యున్నారు. అది మన సంఘజీవితమునకు ఒక శోభ. బాగున్నది, బాగులేదు అని చెప్పుటకు పాండిత్యము అక్కఱలేదు. వంట రుచి చెప్పుటకు వంటవాడు కానక్కఱలేనట్లే, సొమ్ము పెట్టి కాలము వెచ్చించి చూచినవానికి తన మనస్సులోని మాట చెప్పు హక్కు గలదు. ఈ హక్కునకు ఎవ్వరడ్డు వచ్చినను మేము ప్రేక్షకుని పక్షమున నిలుతుము.

అడ్డు వచ్చువారు లేకపోలేదు. 2023లో మలయాళ చిత్రదర్శకు డొకరు, తన చిత్రము విడుదలయైన తరువాత కొంతకాలము సామాజిక మాధ్యమములలో సమీక్షలు రాకుండునట్లు చేయుమని కేరళ ఉన్నత న్యాయస్థానమును ఆశ్రయించినారు. ఆ విషయమై న్యాయస్థానమునకు సహాయకులుగా నియమింపబడిన న్యాయవాది, విడుదలకు తరువాత 48 గంటలవఱకు సమీక్షకులు ఆగుట మంచిదని 2024లో సూచించిరి. అదే సంవత్సరము తమిళ నిర్మాతల సంఘమువారు మొదటి మూడుదినములు సమీక్షలను నిషేధింపుమని మద్రాసు ఉన్నత న్యాయస్థానమును కోరిరి. న్యాయస్థానము అట్టి నిషేధపుటుత్తరువు నిచ్చుటకు అంగీకరింపలేదు. అంగీకరింపకపోవుటయే ధర్మము. విడుదలకు నెలలముందునుండి టీజరులు, ట్రైలరులు, పాటల విడుదలలు, వేలాదిజనుల నడుమ మహోత్సవములు జరిపి, "ఇట్టి చిత్రము మునుపు లేదు, ఇకమీదట రాబోదు" అని చాటుకొనువారికి మూడుదినముల మౌనము లేదు గాని, టిక్కెట్టు కొన్నవానికి మాత్రము మౌనవ్రతమా? సొంత సరకును పొగడుకొను స్వాతంత్ర్యము అంగడివానికి ఉండగా, సరకు పుచ్చినదని చెప్పు స్వాతంత్ర్యము కొన్నవానికి లేదనుట ఏ న్యాయము?

అయినను నిర్మాతల మొఱలో సత్యము బొత్తిగా లేదనలేము. నేడు చిత్రమును చూడకయే తీర్పు చెప్పువారు బయలుదేఱినారు. ఒక నటుని యభిమానులు ప్రత్యర్థి నటుని చిత్రమునకు ఒకటి వేయుట, తమ నాయకుని చిత్రమునకు పది వేయుట ఒక యుద్ధతంత్రముగా నేర్చినారు. చిత్రము విడుదల కాకముందే ఇట్టి దాడులు జరుగుట ఎఱిగియే, అమెరికాలోని రాటెన్ టొమేటోస్ అను సంస్థ 2019లో విడుదలకు ముందు ప్రేక్షకులు వ్యాఖ్యలు వ్రాయు వసతిని తొలగించినది. ఇక మన తొందర యెంతటిదో చూడుడు. అమెరికాలోని తెలుగువారు గురువారము సాయంకాలము ప్రత్యేక ప్రదర్శనలో చిత్రము చూచుచుండగానే ఇచ్చట శుక్రవారము తెల్లవారుచుండును. విరామసమయమున హాలులోనుండియే వారు "మొదటి సగము పరవాలేదు" అని వ్రాయుదురు. ఇచ్చట పళ్లు తోముకొనకముందే ఆ మాట ఊరంతయు ప్రాకును. సగము విని తీర్పు చెప్పు న్యాయాధిపతిని మనము సహింతుమా?

అంకెను నమ్మువారు ఒక చిన్నలెక్కను ఆలోచింపవలెనని కోరుచున్నాము. ఒక చిత్రమును నూఱుగురు చూచిరనుకొందము. ఏబదిమంది అద్భుతమని పదింటికి 10 ఇచ్చిరి. ఏబదిమంది రోతయని 1 ఇచ్చిరి. సగటు 5.5. వేఱొక చిత్రమును నూఱుగురు చూచి, సగముమంది 5, సగముమంది 6 ఇచ్చిరి. దాని సగటును 5.5. మొదటిది జనుల హృదయములను రెండుగా చీల్చిన చిత్రము. రెండవది యెవ్వరి హృదయమును తాకని చప్పిడికూడు. అంకె ఈ రెంటిని ఒకే గాట కట్టినది. మఱియొక పద్ధతి చూడుడు. రాటెన్ టొమేటోస్ వారు ప్రకటించు శాతము చిత్రము ఎంత గొప్పదో చెప్పదు. విమర్శకులలో నూటికి ఎందఱు మెచ్చిరో మాత్రమే చెప్పును. నూఱుగురును "ఏదో ఒకమాఱు చూడవచ్చు" అన్నచో నూటికి నూఱు వచ్చును. తొంబదిమంది మహాకావ్యమని, పదిమంది కాదని యన్నచో తొంబదియే వచ్చును! ఐఎమ్‌డీబీ వారు సూటియైన సగటును గాక, కొన్ని సవరణలు చేసిన సగటును ప్రకటింతురు. మోసపు ఓట్లను అడ్డుటకై ఆ సవరణల పద్ధతిని పూర్తిగా వెల్లడింపరు. వారి కారణము వారికి ఉండవచ్చును. కాని కారణము చెప్పని తీర్పును తలవంచి స్వీకరించు వాడుక మనకు ఎప్పుడు అబ్బినది?

మన చరిత్రనే తీసికొందము. 1938లో గూడవల్లి రామబ్రహ్మము "మాలపిల్ల"ను తీసి అస్పృశ్యతను తెరమీద నిలదీసినాడు. సనాతనులు మండిపడిరి, సంస్కర్తలు హర్షించిరి. ఆనాడు నక్షత్రముల వాడుక మనకు ఉండియున్నచో, మొదటివారు సున్న, రెండవవారు అయిదు వేసియుందురు. సగటు రెండున్నర! "రెండున్నరయట, పోనక్కఱలేదు" అని బుద్ధిమంతులు ఇంటనే కూర్చుండియుందురు. మఱుసటియేడు ఆయనయే "రైతుబిడ్డ"ను తీయగా జమీందారులు దానిపై కత్తిగట్టిరి. అట్టి చిత్రముల విలువ అవి రేపిన వాదములో నున్నది. తండ్రియు కొడుకును ఇంటిలో వాదించుకొనిరి. అరుగులమీద మిత్రులు కలహించిరి. ఆ కలహమే దేశమునకు ఉపకారము. సగటు అనునది కలహమును అణచు పోలీసువంటిది. ఎవ్వని మాటను విననీయదు, అందఱి నోళ్లను ఒక్కమాఱే మూయించును.

తొలిదినపు తీర్పు ఎంత చంచలమో కాలమే చూపినది. గురుదత్తు 1959లో తీసిన "కాగజ్ కే ఫూల్" ఆనాడు పరాజయము పొందినది; అటుపిమ్మట ఆయన దర్శకునిగా మఱి యే చిత్రమునకును తన పేరు పెట్టుకొనలేదు. నేడు దానిని భారతీయ సినిమాకు గర్వకారణముగా చెప్పుకొనుచున్నాము. అంత దూర మేల? 2010లో మన "ఖలేజా", "ఆరెంజ్" అను రెండు చిత్రములును నష్టములు తెచ్చిన జాబితాలో చేరినవి. "ఆరెంజ్" 2023లోను, "ఖలేజా" 2025లోను మరల హాలులకు రాగా, అదే తెలుగుజనము ఈలలు వేసి స్వాగతమిచ్చినది. చిత్రములు మాఱలేదు, ఒక్క అడుగు ఫిలిమైనను క్రొత్తగా తీసినవారు లేరు. మాఱినది మనము. శుక్రవారపు అంకెకు ఈ మార్పు తెలియదు. మాట తెలిసికొనును, "ఆనాడు నాకు నచ్చలేదు, నేడు ఇందువలన నచ్చినది" అని చెప్పగలదు.

"అయ్యా, మేము పనిపాటలవారము. కుటుంబముతో సినిమాకు పోయినచో టిక్కెట్లకును, బండికిని, హాలులోని తినుబండారములకును ఎంత వ్యయమగునో మీరెఱుగరా? పుటలకొలది సమీక్షలు చదువ తీరిక యెక్కడిది? అంకె చూచి పోవుట తప్పా?" అని కొందఱు అడుగవచ్చును. ఇది నిజమైన బాధ. మేము తేలికగా త్రోసివేయము. కాని ఆ కుటుంబమునకు కావలసినది ఏమి? హింస యెక్కువగా నున్నదా? ముసలితల్లి కూర్చుండి చూడగలదా? పిల్లలు జడియుదురా? మూడుగంటల కథలో రెండవగంట నిద్ర తెప్పించునా? వీనిలో ఒక్కదానికైనను రెండుముప్పావు జవాబు చెప్పదు. నాలుగు వాక్యములు చెప్పగలవు. నాలుగు వాక్యములు చదువుటకు కాఫీ చల్లాఱునంత కాలమైనను పట్టదు. తీరిక లేదనుట సాకు. ఆలోచించు శ్రమను ఇతరులమీద మోపవలెనను సోమరితనమే నిజము.

కావున మేము ప్రేక్షకమహాశయులకు కొన్ని సూచనలు చేయుచున్నాము. చిత్రమును తుదివఱకు చూడకుండ దానినిగూర్చి తీర్పు చెప్పకుడు. సగములో లేచివచ్చినచో, సగములో లేచివచ్చితినని చెప్పుడు. అదియు ఒక సాక్ష్యమే. మీ యభిమాన నటుడెవ్వడో దాపఱికము లేక తెలుపుడు; వినువాడు తాను తీసివేయవలసినది తీసివేసికొనును. నచ్చినదన్నను, నచ్చలేదన్నను కారణమొకటి చేర్చుడు. కొడవటిగంటి కుటుంబరావు సినిమాలనుగూర్చి వ్రాసినది నేటికిని చదువుచున్నామన్నచో, ఆయన ఎన్ని మార్కులు వేసెనని కాదు, ఏమి కారణము చెప్పెనని. కథలోని గుట్టు విప్పి ఇతరుల సంతోషమును పాడుచేయకుడు. అన్నిటికంటె ముఖ్యము, ఎవ్వరైన "ఎంత?" అని యడిగినపుడు "ఎందుకు?" అని యడుగుట నేర్పుడు.

పఠనమందిరములవారికి వేఱొక మనవి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును నెలకొల్పిన పెద్దలు పుస్తకమును ఊరూర చేర్చవలెనని శ్రమించినది, జనులు చదివి తమంత తాము ఆలోచింపవలెననియే. నేడు సినిమా పుస్తకముకంటె ఎక్కువమందికి చేరుచున్నది. ప్రతి గ్రంథాలయమునందును బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచుడు. ఆ వారము సినిమా చూచినవాడు అందులో నాలుగు వాక్యములు వ్రాయవలెను, అంకె వేయరాదు. కాదన్నవాడు దానిక్రింద తన నాలుగు వాక్యములు వ్రాయవలెను. ఖర్చు ఒక పుస్తకము, ఒక కలము. ఏడాది గడచునప్పటికి ఆ పట్టణపు అభిరుచికి అది చరిత్రయగును. రేపు సినిమా తీయబోవువానికి ఎన్ని కోట్లు పెట్టినను దొరకని పాఠమగును.

పరుల యేలుబడిని తొలగించుకొన్న జాతి తన నవ్వును, తన కన్నీటిని పరులు కొలిచి చెప్పవలెనని కాచుకొని యుండుట సిగ్గుచేటు. మన కండ్లతో చూచినదానిని మన నోటితో, మన తెలుగులో, కారణముతో చెప్పుకొందము. నిర్మాత ఆగ్రహించినను సరే, అభిమాని అలిగినను సరే. అభిరుచిలో స్వరాజ్యము ఎవ్వరో యిచ్చునది కాదు. ప్రతి ప్రేక్షకుడును తన మాటతో తాను గడించుకొనవలసినది.