ముందు బిగువు, ఆ తర్వాతే మెరుగు

ఇల్లు మారితే మంచం, బీరువా ఏ గదిలోనైనా సర్దుకుంటాయి. అమెరికాలో తయారైన క్లిప్‌షార్న్ అనే లౌడ్‌స్పీకరు పాత నమూనాలు మాత్రం అలా సర్దుకోవు. వాటికి గది మూలే కావాలి. తగిన మూల లేని ఇళ్లలో చెక్కతో కృత్రిమ మూల కట్టించుకోవడం అక్కడి సంగీతాభిమానులకు అలవాటు. అయితే ఈ పని కేవలం అందం కోసం చేయిస్తే డబ్బు దండగే.

పాల్ క్లిప్ష్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ స్పీకరు ఆర్కాన్సా రాష్ట్రంలోని హోప్ పట్టణంలో 1946లో తయారీకి వచ్చింది. ఇది బాకా సూత్రంపై పనిచేస్తుంది. సెకనుకు 40 సార్లు కంపించే మంద్రధ్వని తరంగం పొడవు సుమారు 28 అడుగులు. అంతటి ధ్వనికి సరిపడే బాకా ఇంట్లో పట్టదు. అందుకే ఆయన బాకాను చెక్కపెట్టెలో మడతలుగా అమర్చి, చివరి భాగం పనిని గది గోడలకు అప్పగించారు. మూలలో తలుపో, కిటికీయో ఉంటే బాకా సగంలో తెగినట్లే. అమెరికాలో చాలా ఇళ్ల గోడలు కర్రచట్రానికి బిగించిన జిప్సం పలకలు. అవి అదిరినా మంద్రం పలచబడుతుంది.

కాబట్టి కృత్రిమ మూలకు మొదట కావలసింది బిగువు. ముప్పావు అంగుళానికి తగ్గని రెండు ప్లైవుడ్ పలకలను సరిగా లంబకోణంలో కలిపి, వెనుక అడ్డబద్దలు బిగించాలి. పలకలు పెట్టె పక్కలను దాటి ముందుకు రావాలి. పెట్టెకూ పలకకూ మధ్య సందు లేకుండా రబ్బరు పట్టీ వేయాలి. మంద్రధ్వని వెలువడే కింది భాగం ఎత్తు వరకు ఉంటే చాలును గనుక చూపుకు అడ్డం కాదు. పెట్టె ఏ కర్రదో అదే కర్ర పైపొర అంటిస్తే రెండూ ఒకే వస్తువుగా కనిపిస్తాయి.

మన ఊళ్లలో హార్మోనియం బాగుచేసేవారికి ఈ సంగతి కొత్త కాదు. తిత్తిలో గాలి కారుతుంటే పైన ఎంత పాలిషు పెట్టినా స్వరం నిలవదు.

ఇటీవలి నమూనాలకు వెనుక భాగం మూసి ఉంటుంది గనుక పాత పెట్టెలకూ వెనుక చెక్క కొట్టేస్తే సరిపోతుందని కొందరి వాదం. ఇది సమంజసం కాదు. మేకు దిగిన పాత కర్ర మళ్లీ మునుపటిలా కాదు. విడిగా నిలబెట్టిన మూలనైతే ఎప్పుడైనా తీసివేయవచ్చు. మంచి మూల ఉన్న ఇంటికి మారిన రోజున పెట్టె చెక్కుచెదరకుండా ఉంటుంది. కాస్త ఖర్చు ఎక్కువైనా యజమానులు ఈ మార్గాన్నే ఎంచుకోవాలి.